తడి చొక్కా

"మీ పుట్టింటి వైపు ఎవరికైనా ఇట్లా ఉండేదా?" అని కర్నూలులో డాక్టరు అడిగినప్పుడు "ఎవరికీ లేదు సార్" అన్నాను. ఆలోచించను కూడా లేదు. నాకు ఒక పక్క నా భర్త, ఇంకో పక్క మా అమ్మ, అమ్మ ఒడిలో ఆరేళ్ల నా కొడుకు. వాడికి నోట్లో రెండే పళ్లు, అవీ మొనదేలి ఉంటాయి. తలమీద జుట్టు పలచన. ఎండాకాలం వస్తే ఒళ్లు పెనంలా కాలిపోతుంది గానీ చెమట చుక్క పట్టదు. పత్తికొండలో ఎన్ని జ్వరం మందులు పోయించినా తగ్గక, చివరికి ఇంత దూరం తెచ్చాం.

ఆ పళ్లు, ఆ జుట్టు, ఆ కాలే ఒళ్లు మా అన్నవి. అన్న పోయి చాలా కాలమైంది. ఆ గదిలో అన్నను చూసినవాళ్లం అమ్మా, నేనూ మాత్రమే. అందుకే అంత ధైర్యంగా అబద్ధమాడాను. పిల్లవాడి లోపం నా వైపు నుంచే వచ్చిందని అత్తగారింట్లో అప్పటికే గొణుగుతున్నారు. పెళ్లి మాటలప్పుడు అన్న సంగతి అడిగితే వడదెబ్బకు పోయాడని చెప్పి ఊరుకున్నాం. పళ్ల గురించి గానీ, చెమట గురించి గానీ ఎత్తలేదు.

అన్నా నేనూ బోరు నీళ్లతో పండే తోటల్లో టమోటా కోతలకు పోయేవాళ్లం. మా కూలి గుంపుల్లో ఎవరు పనిమంతులో తేల్చడానికి చొక్కా వీపు చూస్తారు. పొద్దున చెమటకు తడిసిన చొక్కా మధ్యాహ్నానికి ఆరి, తెల్లగా ఉప్పు చారలు కట్టాలి. ఆ చారలున్నవాణ్ణి మేస్త్రీ మర్నాడు కూడా పిలుస్తాడు. అన్న చొక్కా మీద ఒక్క చార ఉండేది కాదు. గంపలకు గంపలు నింపి మోసినా, ఒళ్లు దాచుకుంటాడనే పేరే వచ్చింది. మా ఇంట్లోనూ అదే మాట.

అన్న తనకు తానే ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. సాలు చివరికి వచ్చినప్పుడల్లా సీసాలో నీళ్లు వీపు మీద పోసుకునేవాడు. తడి ఉన్నంతసేపు హుషారుగా ఉండేవాడు, కూనిరాగాలు తీసేవాడు. చొక్కా ఆరిందంటే కళ్లు ఎర్రబడి, మాట తడబడేది. ఇదంతా నా కళ్లముందే జరిగేది. చూస్తూ కూడా, తాగడానికి తెచ్చుకున్న నీళ్లు పారబోస్తున్నాడని విసుక్కునేదాన్ని.

ఒక వేసవిలో అది మేస్త్రీ కంట్లో పడింది.

"ఏమప్పా, అందరికీ పని చేస్తే చెమట పడతాది. నీకు సీసాలో నుంచి పడతాదే?" అన్నాడు.

తోటలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పని చేయకుండా చేసినట్టు కనబడడానికి నీళ్లు పోసుకుంటున్నాడని వాళ్ల లెక్క. అన్న కూడా ఆ ఉన్న పళ్లతోనే వాళ్లతో పాటు నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఇంటికి నడుస్తూ మనసులో ఉన్నదంతా కక్కేశాను.

"అన్నా, రేపటి నుంచి నీళ్లు పోసుకోవద్దు. అందరూ చూస్తాండారు. నాకు సిగ్గయితాంది."

"సరేలే పాపా" అన్నాడు. నామీద కోప్పడినా బాగుండేది.

మర్నాడు పొడి చొక్కాతోనే కోతకు దిగాడు. నేను పక్క సాలులోనే ఉన్నాను. ఈ రోజు ఎవరూ నవ్వడం లేదని లోలోపల సంతోషపడ్డాను కూడా. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ సంతోషపడిన మాట నిజం. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అన్న గంప పక్కన కూలబడ్డాడు. ఆటోలో పత్తికొండ చేరేలోపే అయిపోయింది. అందరూ వడదెబ్బ అన్నారు. ముందురోజు నేనన్న మాట అమ్మకు కూడా చెప్పలేదు.

"ఎవరికీ లేదు" అనే నా జవాబును కర్నూలు డాక్టరు రాసుకోబోతుంటే అమ్మ కదిలింది.

"ఉండె సారూ. నా పెద్దకొడుకు. వానికీ చెమట పట్టేది కాదు. మాకు తెల్లేదు."

నా భర్త నావైపు తిరిగాడు. డాక్టరు మమ్మల్ని ఎవరినీ తప్పుపట్టలేదు. ఇది పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బనీ, తల్లి ద్వారా కొడుకులకు వస్తుందనీ, చెమట పుట్టించే గ్రంథులు వీడి ఒంట్లో సరిగా లేవనీ నిదానంగా చెప్పాడు. పూర్తిగా నయం కాదట. పళ్లు కట్టించవచ్చు. ఎండకు మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

"బయటికి తీసుకుపోయేటప్పుడు చొక్కా తడిపి ఉంచండి. ఆరితే మళ్లీ తడపండి" అన్నాడు.

అమ్మ బుద్ధిగా తలాడించింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. చదువు లేని మా అన్న తోటలో చేసినది అదే. మేస్త్రీ ఒకసారి నవ్వి ఊరుకున్నాడు, మాన్పించింది నేను.

బయట ఆటో కోసం నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. సీసా మూత తీసి కొడుకు వీపు మీద నీళ్లు పోశాను. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. వాడు ముడుచుకుపోయి నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు మా. అందరూ చూస్తాండారు. సిగ్గయితాంది."

నా చెయ్యి ఆగిపోయింది. అమ్మ మా వైపే చూస్తోంది. నేను వాడి ముందు కింద కూర్చుని, మిగిలిన నీళ్లు కూడా చొక్కా మీద పోశాను.

"నీకొక మామ ఉండెరా" అన్నాను. అమ్మకు వినబడేటట్టే అన్నాను. "ఆయప్ప గూడా ఇట్లనే తడుపుకుంటాండె. నేనే వద్దంటి."