ఐదు వందల మస్టర్లు

విమానం నడిపే కొలువుకు చదువు ఒక్కటే సరిపోదు, గంటలు కావాలి. ఎన్ని గంటలు గాలిలో ఉన్నావు, అందులో ఎన్ని గంటలు నువ్వే నడిపావు, అదే అడుగుతారు. ఈ ముక్క మా బాపుకు చెప్పి ఒప్పించడానికి నాకు పట్టిన కాలంలో ఇంకో లైసెన్సు వచ్చేది.

బాపు, అంటే మా నాన్న, బెల్లంపల్లిలో బొగ్గు బాయి కార్మికుడు. మా దిక్కు గనిని బాయి అంటారు. బాయిలో దిగిన ప్రతి షిఫ్టుకూ రిజిస్టరులో హాజరు పడుతుంది, దాన్ని మస్టర్ అంటారు. ఏడాదిలో ఇన్ని మస్టర్లు పడితేనే మనిషి పర్మినెంటు అవుతాడు. అందుకని మా కాలనీలో పలకరింపులు కూడా మస్టర్లతోనే మొదలయ్యేవి. "ఈ నెల ఎన్ని పడ్డయే?" అంటే "మంచిగున్నవా?" అని అర్థం. నేను సర్కారు స్కాలర్‌షిప్పు మీద హైదరాబాదులో విమానాలు నేర్పే క్లబ్బులో చేరి, లైసెన్సుకు రెండు వందల గంటలు ఎగరాలట అని చెప్పినప్పుడు బాపు క్షణం కూడా తడుముకోలేదు.

"అంటే రెండు వందల మస్టర్లు. ఏడాదిల కొడ్తవు తియ్యి. నాగా మాత్రం పెట్టకు."

నేను ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదు. విమానాలే పెట్టాయి. క్లబ్బుకు ఉన్నవి రెండే విమానాలు, ఒకటి లేస్తే ఇంకోటి పడకేసేది. నేర్చుకునేవాళ్లం పదిహేను మందిమి. పొద్దు పొడవకముందు నుంచీ వరుసలో కూర్చుంటే, నా వంతు వచ్చేసరికి గాలి ఎక్కువైందని ఆపేసేవారు. రోజంతా కాచుకుని ఇరవై నిమిషాలు ఎగిరి, లాగ్‌బుక్కులో ఆ ఇరవై నిమిషాలే రాసుకునేవాణ్ణి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి విని బాపు మండిపడ్డాడు.

"దీపం చేతికి తీసుకున్నకాన్నుంచి మాకు మస్టరే. బాయిల దిగేటందుకు లైన్ల నిలబడ్డా మస్టరే. మీకాడ ఇంజను సప్పుడైనంత సేపే లెక్కనా? గదేం న్యాయం రా? మీకు యూనియన్ లేదా?"

"లేదు బాపు."

"పెట్టుకోండ్రి మరి!"

ఏడాది కాదు, రెండేళ్లు పట్టింది. రెండు వందలు నిండాయి, లైసెన్సు చేతికి వచ్చింది. బాపు కాలనీ అంతా తిరిగి శక్కర పంచాడు. నేను వానలో పైన తడుస్తూ తిరుగుతానని నన్ను కన్న అవ్వ బెంగ పెట్టుకుంది. నేను మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, విమానాల కంపెనీ ఆఫీసుకు పోయాను. అక్కడి దొర నా లాగ్‌బుక్కు అటూ ఇటూ తిప్పి, ఐదు వందల గంటలు అయినాక రమ్మన్నాడు. అన్ని గంటలు ఎక్కడ దొరుకుతాయని అడిగితే, ఎక్కడన్నా ఉద్యోగం చేస్తే అవే వస్తాయన్నాడు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్నట్టుంది వ్యవహారం. నాకు అప్పట్లో ముక్కు మీద కోపం. తలుపు దబాల్న వేసి బయటికి వచ్చాను. లాగ్‌బుక్కు లోపలే మరిచిపోయినందున, అదే తలుపును మళ్లీ మెల్లగా తట్టవలసి వచ్చింది.

బాపుకు ఈ కబురు చెప్పడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు. విన్నాక ఆయన అడిగిన మాట ఒక్కటే.

"మొదటి దినం బాయిల దిగెటోన్ని, నీకు ఇంతకుముందు ఎన్ని మస్టర్లు పడ్డయని ఎవడన్న అడుగుతడా రా?"

ఆ మాట నేను దొరను అడిగి ఉండాల్సింది.

మళ్లీ క్లబ్బుకే చేరాను. ఈసారి మా ఉస్తాద్‌కు సహాయకుడిగా, కొత్తవాళ్లకు నేర్పే పని. ఉస్తాద్ అంటే మా అందరికీ విమానం నేర్పిన పెద్దమనిషి, సైన్యంలో ఎగిరి వచ్చినవాడు, హైదరాబాదు పాతబస్తీ మనిషి. నేర్పుతూ ఎగిరిన గంటలు కూడా నా లెక్కలోనే పడతాయి. కొత్త కుర్రాళ్లు నన్ను చంపబోయిన ప్రతి గంటనూ శ్రద్ధగా నా బుక్కులో రాసుకున్నాను. ఇట్లా ఇంకో రెండేళ్లు గడిచి, నాలుగు వందల తొంభై దగ్గరికి వచ్చేసరికి, ఆ కంపెనీ వాళ్లే మనుషులు కావాలని పేపర్లో వేశారు. నెలాఖరు లోపల ఐదు వందలు నిండి ఉండాలి. వయసుకు కూడా హద్దు పెట్టారు, ఈసారి తప్పితే నేను ఆ హద్దు దాటిపోతాను. ఇంకా పది గంటలు కావాలి. బయట శ్రావణం ముసురు. రెండు విమానాల్లో ఒకటి షెడ్డులో రెక్కలూడదీసుకుని కూర్చుంది.

ఇంటికి ఉత్తరం రాశాను. ఈసారి పోతే ఇక బాయి ఆఫీసులో గుమాస్తాగా చేరడమే అని కూడా రాశాను. రాయకుండా ఉండాల్సింది.

నాలుగో రోజు క్లబ్బు గేటు దగ్గర బాపు కనబడ్డాడు. తలకు రుమాలు, చేతిలో అవ్వ కాల్చిన సర్వపిండి రొట్టెల మూట. నన్ను దాటుకుని నేరుగా ఉస్తాద్ దగ్గరికి పోయి, మూట ఆయన ముందు పెట్టాడు.

"సాబ్, మీకు ఎన్ని గంటలున్నయి?"

"ఆరు వేలు దాటినయి పెద్దాయనా," అన్నాడు ఉస్తాద్.

"గవి ఇగ మీకేం అక్కెర? అండ్లకెల్లి ఒక్క పది మా పోరని పేరు మీద కొట్టుండ్రి. మాకాడ గిట్ల నడుస్తది. ఒకనికి శాతగాకుంటె ఇంకొకడు వాని పేరు మీద దిగుతడు. నేనే నాలుగేండ్లు దిగిన."

సిగ్గుతో నా ప్రాణం పోయింది. చుట్టూ నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్లున్నారు. బాపు రెక్క పట్టుకుని పక్కకు లాగబోయాను. ఉస్తాద్ నవ్వలేదు. నన్ను ఆగమని సైగ చేసి, ఒక సర్వపిండి ముక్క తుంచుకున్నాడు.

"ఎవరి పేరు మీద దిగినవు?"

"మా ఊరాయనే. పానం బాగలేక మంచంల పడ్డడు. పిల్లలు సిన్నగుండిరి. ఆయన పేరు చెప్పి నేను దిగిన."

"మరి పర్మినెంటు ఎవరైండ్రు?"

"ఆయననే. ఆయన పేరు మీదనే గద పడ్డయి." బాపు తల రుమాలు సర్దుకున్నాడు. "నాయి మల్ల మొదటికాన్నుంచి షురువైనయి."

పుట్టిన్నాటి నుంచీ మస్టర్ల గురించి వింటున్న నాకు, ఈ నాలుగేళ్ల సంగతి తెలియనే తెలియదు. సిగ్గు ఎటు పోయిందో పోయింది. ఏడుపు వచ్చింది. మొహం అటు తిప్పుకుని నిలబడ్డాను.

ఉస్తాద్ మెల్లగా చెప్పాడు. "పెద్దాయనా, నా గంటలు రాసి ఇచ్చేది పెద్ద పని కాదు. రేపు నలభై మందిని ఎక్కించుకొని పోంగ ఇంజను ఆగిందనుకో, గా కాగితం మీది గంటలు వచ్చి నడపయి. నీ కొడుకు చేతులే నడపాలె."

బాపు తల ఊపాడు. "నిజమే సాబ్. బాయిల కప్పు కూలే ముంగట సన్నగ సప్పుడైతది. కొత్తోనికి గది ఇనరాదు." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వే కొట్టు. అయ్యేదాంక నేను ఈన్నే ఉంట."

ఎన్నడూ నాగా పెట్టని మనిషి, ఆ తొమ్మిది రోజులు నాగా పెట్టి క్లబ్బు అరుగు మీద కూర్చున్నాడు. మబ్బు జర విడిస్తే చాలు, నన్ను లేపి తరిమేవాడు. విమానం బాగు చేసేవాళ్ల నెత్తిన కూర్చుని, "ఇంకెంతసేపయ్యా, మా బాయిల అయితే గిప్పటికి పంపు మొత్తం ఇప్పి బిగిద్దురు" అని వాళ్లను పరేషాన్ చేశాడు. ఉస్తాద్ తన వంతులన్నీ నాకే ఇచ్చాడు. ఉద్యోగం వచ్చిందా అంటే వచ్చింది, మిమ్మల్ని ఊరించడం ఎందుకు, ముందే చెప్పేస్తున్నాను. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ ఉద్యోగం కాగితం కాదు, ఐదు వందలవ గంట.

గడువుకు ముందు రోజు ఒక్క గంట మిగిలింది. ముందు సీటు ఖాళీగానే ఉంది కదా, పెద్దాయనను ఎక్కించుకుపో అన్నాడు ఉస్తాద్. బాపు రెండడుగులు వెనక్కి వేశాడు. "మీదికా? నేనా?" అన్నాడు. రోజూ నేల లోపలికి దిగే మనిషికి నేల విడవడమంటే భయం. రుమాలు విప్పించి, తోలు టోపీ తగిలించి, బెల్టు బిగించాను. ఆ విమానాన్ని నడిపేది వెనక సీటు నుంచే, అక్కడి నుంచి నాకు ఆయన తల మాత్రమే కనబడేది. పైకి లేచాక చూస్తే ఆ తల వంచే ఉంది. బాయిలో కప్పు తగులుతుందని వంచడం అలవాటు. మాట్లాడుకునే గొట్టంలో అరిచాను.

"బాపూ, తల లేపు. మీద కప్పు లేదు!"

మెల్లగా లేపాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. గంట నిండిందని దించబోతుంటే గొట్టంలోంచి ఆయన గొంతు వినబడింది. "ఇంకొక్క సుట్టు తిప్పు. తక్కువ పడద్దు."

దిగాక క్లబ్బు రిజిస్టరు తెరిచాను. నడిపినవాడి పేరు, లేచిన వేళ, దిగిన వేళ, వెంట ఉన్నవాళ్ల పేరు రాయాలి. నా పేరు రాసి, పక్క గడిలో బాపు పేరు రాశాను. ఆయనకు చదువు రాదు. నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు.

"గిదేంది రాస్తున్నవు?"

"నీ పేరు బాపు. ఈ గంట నువ్వు గూడ మీద ఉన్నవని."

"నాదేనా?"

"నీదే. ఇంటిపేరుతోటి రాసిన."

వేలు పెట్టబోయి, సిరా ఇంకా ఆరలేదని ఆగాడు.

"సదువు," అన్నాడు. చదివాను.

"మల్లొక్కపారి సదువు," అన్నాడు.