అత్తయ్య మాటల పలక

బాగుచెయ్యలేని వస్తువు ఉంటుందంటే మా మామయ్య ఒప్పుకోడు. పాడైందంటే లోపల ఎక్కడో ఏదో ఊడి ఉంటుంది, అది వెతకాలి, అంతే. టీవీలు, రేడియోలు, ఇస్త్రీపెట్టెలు ఆయన రోజువారీ పని. ఒకసారి పక్కింటి తాతగారి వినికిడి మిషన్ కూడా విప్పాడు. మళ్లీ బిగించాడు కూడా. కాకపోతే ఆ తర్వాత తాతగారికి ఎవరూ వెయ్యని ఈలలు కూడా వినిపించేవి.

వీధివైపు గది షాపు, దాని వెనక రెండు గదులు ఇల్లు, పై గదిలో నేను. షాపులో పనిచేసేది మామయ్యే అయినా నడిపేది అత్తయ్య. ఆయన మొహమాటానికి "సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్న పనిని ఆవిడ వెనక నుంచి "ఏ సాయంత్రానికో అడగండి" అని సరిచేసేది. "మా షాపులో చెడిపోని రేడియో ఇదొక్కటే" అని మామయ్య వచ్చినవాళ్లందరికీ ఆవిడని చూపించేవాడు.

ఒక పొద్దున కౌంటర్ దగ్గర ఎవరికో రిమోట్ అందిస్తూ అత్తయ్య పడిపోయింది. పక్షవాతం. ప్రాణం దక్కింది. చెయ్యీ కాలూ మెల్లగా కొంత దారికొచ్చాయి. మాట మాత్రం రాలేదు. మనం అన్నదంతా తెలుస్తుంది, తను అనబోయింది మాత్రం "ఆ... ఆ" దగ్గర ఆగిపోతుంది. తల ఊపినా నమ్మడానికి లేదు. అవునన్నా కాదన్నా ఆ తల ఒకేలా ఊగేది, అది ఆవిడకీ తెలిసేది, కోపంతో కళ్లనీళ్లు తిరిగేవి.

ఆసుపత్రిలో మాటలు నేర్పించే ఆవిడ మామయ్య ఫోన్లో ఒక యాప్ పెట్టి ఇచ్చింది. అందులో బొమ్మ నొక్కితే ఫోనే ఆ మాట పలుకుతుంది. ఆలోచన మంచిదే. కానీ అత్తయ్య వేలు వణుకుతుంది, ఫోనేమో అగ్గిపెట్టెంత. ఒక బొమ్మ మీద పెట్టిన వేలు రెండు బొమ్మల్ని నొక్కేది. "నీళ్లు" అని అడగబోతే "నిద్ర" అని పలికేది.

"పెద్ద టాబ్లెట్ ఒకటి కొనేస్తే పోదా?" అన్నాను.

"కొనేటట్టయితే ఇంక నేనెందుకే?" అన్నాడు మామయ్య.

మూతబడ్డ బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్ నుంచి తీసేసిన టచ్ స్క్రీన్ ఒకటి ఆయన అటక మీద ఉంది. దానికి తగిలించడానికి అరచెయ్యంత కంప్యూటర్ తెప్పించాడు. డబ్బా లేదు, తెర లేదు, బ్యాటరీ లేదు, ఒక్క పచ్చటి బోర్డు, దాని మీదే అన్నీ. అయితే ఆ యాప్ ఫోన్లో తప్ప నడవదు. అందుకని ఆ బోర్డు తనని తాను ఫోన్ అనుకునేట్టు చెయ్యాలి. ఇలాంటి బోర్డుల కోసం సరదాకొద్దీ ఫోన్లలో ఉండే ఆండ్రాయిడ్‌ని మార్చి పెట్టేవాళ్లు ఉంటారు. దాన్ని దించుకుని, మెమరీ కార్డులోకి ఎక్కించి, బోర్డులో గుచ్చాం. ఆ "గుచ్చాం"లో నా వంతు ల్యాప్‌టాప్ ఇవ్వడం, తిట్లు తినడం.

మొదట తెర వెలగలేదు, పాత ఛార్జర్ బలం చాలలేదు. అది మార్చాక వెలిగింది. కానీ బొమ్మలన్నీ పక్కకి పడుకున్నాయి, ఫోన్ నిలువు కదా, మా తెర అడ్డం. సెట్టింగుల్లో తిప్పితే బొమ్మలు లేచి నిలబడ్డాయి కానీ వేలు ఒకచోట పెడితే ఇంకోచోట నొక్కుకుంది. దానికీ ఏదో మార్గం ఉంటుందని నేను వెతుకుతూ ఉండగానే మామయ్య ఆ సెట్టింగు వెనక్కి మార్చేసి, డ్రిల్లింగ్ మిషన్ తెచ్చి తెరనే నిలువుగా తిప్పి అత్తయ్య మంచం పక్క గోడకి బిగించేశాడు. నాకు ఒళ్లు మండింది. అది బ్రహ్మాండంగా పనిచేసింది, అందుకు ఇంకాస్త మండింది.

దానికి ఆయన పెట్టిన పేరు పలక. యాప్‌లో ఉన్న బొమ్మల గుంపులోంచి అనవసరం అనుకున్నవి తీసేసి, నీళ్లు, పాలు, మందు, నొప్పి, స్నానం, టీవీ ఇలా కొన్నే విస్తరాకంత పెద్దవి చేసి ఉంచాడు. అత్తయ్య మంచం మీద కూర్చుని ఎడమచేత్తో నొక్కేది. "నీళ్లు" అని గోడ పలికితే మామయ్య ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవాడు. మొదటిరోజు ఆవిడ నవ్విన నవ్వు చూసి నేను మేడమీదకి పోయి ఏడ్చాను.

చిక్కంతా మామయ్య చేతి అలవాటుతో వచ్చింది. టీవీల వెనక చేతులు పెట్టి బతికిన మనిషి, షాకులు తిన్న మనిషి. షాపు మూసేటప్పుడు ప్రతి ప్లగ్గూ పీకేస్తాడు, ఇంట్లోనూ అంతే. "ముందు షట్‌డౌన్ చెయ్యి మామయ్యా, దానికి బ్యాటరీ లేదు, ఏదో రాసుకుంటూ ఉండగా ప్లగ్ పీకితే కార్డు పోతుంది" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "ప్లగ్గు ఉండగా ఏ వస్తువునీ నమ్మకూడదు" అనేవాడు.

ఒక పొద్దున పలక తెరుచుకోలేదు. మొదట వచ్చే గుర్తు దగ్గరే ఆగి, అదే వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. అత్తయ్య దాని మీద చెయ్యి పెట్టింది, ఇంకోచోట పెట్టింది, నా వైపు చూసింది. తర్వాత చెయ్యి ఒళ్లో పెట్టేసుకుంది. మామయ్య ప్లగ్గు వైపు చూశాడు. "నేనే పీకేశానే," అన్నాడు నాతో, "మీ అత్తయ్య నోరు నేనే నొక్కేశాను."

అన్నీ మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది. కొత్త కార్డు ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. యాప్ తెరిస్తే బొమ్మలన్నీ మళ్లీ గుంపుగా ఉన్నాయి. మామయ్య ఎప్పటిలాగే అనవసరమైనవి తీసెయ్యడం మొదలుపెట్టాడు. అంతలో అత్తయ్య చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన వేలు ఆగిన చోట అడ్డంగా చాచిన ఎర్రటి అరచెయ్యి బొమ్మ. ఆవిడే దాన్ని నొక్కింది.

"వద్దు" అంది పలక.

మామయ్యకీ నాకూ అప్పటికి గానీ వెలగలేదు. అడగడానికి అన్ని మాటలిచ్చి, కాదనడానికి ఒక్కటీ ఇవ్వలేదు. ఇన్నాళ్లూ మేం పెట్టినవన్నీ ఆవిడ పుచ్చుకుంది, మేమేమో ఇష్టమే అనుకున్నాం.

ఇంక చూడండి. పాలు తెస్తే వద్దు. మామయ్య పెట్టే సీరియల్ వద్దు. నేను గట్టిగా లాగి దువ్వే జడ కూడా వద్దు, నేను దువ్వెన తియ్యగానే ఆ మాట రెండుసార్లు నొక్కింది. నాకు సిగ్గేసింది, కానీ మా అత్తయ్య తిరిగొచ్చిందనిపించి నవ్వూ వచ్చింది.

"సరే, ఇంకేం బొమ్మలు కావాలో చెప్పు, పెడతా" అన్నాడు మామయ్య, స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకుని.

అత్తయ్య మంచం మీద తన పక్కన చేత్తో తట్టింది.

"దుప్పటా?" వద్దు. "పడుకుంటావా?" వద్దు. "దిండు సర్దాలా? పరుపు మార్చాలా?" వద్దు, వద్దు. ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది. "ఏం బొమ్మ వెతకనే నీకు?" అన్నాడు. ఆవిడ మళ్లీ అక్కడే తట్టింది, ఈసారి మెల్లగా, ఆయన వైపే చూస్తూ.

మామయ్య గొంతు తగ్గింది. "నన్నా?" అన్నాడు.

అత్తయ్య చెయ్యి పలక వైపు వెళ్లలేదు.

ఆయన వెళ్లి ఆ పక్కన కూర్చున్నాడు. ఆవిడ పడిపోయిన రోజు నుంచి మందులకి, ఆసుపత్రికి, ఈ బోర్డుకి పరుగులు పెట్టిన మనిషి, ఏ పనీ లేకుండా అలా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.