బీరువా తలుపు ఊడదీసిన మేడమ్

మా సైన్స్ మేడమ్ పోయారన్న కబురు నాకు వాళ్ల ఇంటినుంచి రాలేదు. నంద్యాలలోని ఒక విద్యా ఫౌండేషన్ వాళ్లు వాట్సాప్‌లో పెట్టిన పోస్టరు చూసి తెలుసుకున్నాను. ఆమె ఫోటో ఒక మూల, వాళ్ల ఛైర్మన్ ఫోటో నట్టనడుమ. కింద ‘మా గ్రాంటు పొందిన ఉత్తమ ఉపాధ్యాయిని’ అని రాశారు. పోయిందెవరో అర్థం కావడానికి కాసేపు పట్టింది.

ఆళ్లగడ్డ హైస్కూల్లో మేమిద్దరం చాలా ఏళ్లు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం. నేను తెలుగు, ఆమె సైన్స్. ఆమె రోజూ నంద్యాల నుంచి బస్సులో వచ్చేవారు. మధ్యాహ్నం క్యారియర్ తెరిస్తే పై గిన్నెలో కూర ఉండేది కాదు, బస్సు దిగి వస్తూ ఎవరి చేలోనో కోసిన పురుగు పట్టిన పత్తి ఆకు ఉండేది.

"కూర యాడ మేడమ్?" అంటే, "కింద గిన్నెలో ఉండాది లే సార్. ఇది పిల్లోళ్లకు," అనేవారు.

ఆ ఆకుల్ని పిల్లలకు మైక్రోస్కోపులో చూపించాలని ఆమె కోరిక. బడిలో ఒక్కటీ లేదు. ఆ ఫౌండేషన్ తరగతి గది ప్రాజెక్టులకు టీచర్లకు గ్రాంట్లు ఇస్తుందని విని అడిగారు. ఇచ్చారు, కాదనను. ఎలా ఇచ్చారో కూడా చెప్పాలి కదా. మైక్రోస్కోపులతో పాటు ఛైర్మన్ పేరు రాసిన అద్దాల బీరువా వచ్చింది. వాటిని అందులో పెట్టి, తాళం వేసి, పిల్లలు పోగొడతారని తాళంచెవి ఆ ఫౌండేషన్ కార్యదర్శి నంద్యాలకు పట్టుకుపోయాడు. ఈ తెలివితేటలతో వీళ్లు చదువును ఉద్ధరిస్తారట!

మేడమ్ ఫోన్ చేస్తే, "మేం విజిట్‌కు వచ్చినప్పుడు తెరుస్తాం కదమ్మా, అంత తొందరేంది?" అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి, స్క్రూడ్రైవర్ తెప్పించి, బీరువా తలుపు మడతబందులు ఊడదీసి, తలుపును గోడకు ఆనించారు. ఆ పూటే పిల్లలు పత్తి ఆకు అడుగున నక్కిన తెల్లదోమను చూశారు. "మా చేన్లో ఉండేది ఇదేనా మేడమ్? మా నాయనకు చూపియ్యాల," అంది రుద్రవరం అమ్మాయి ఒకతె. ఎవరైనా తాకడానికి జంకితే మేడమ్, "పగిల్తే నేను చూస్కుంటా. నువ్వు ముందు చూడు," అనేవారు.

ఛైర్మన్‌ను వెంటబెట్టుకుని కార్యదర్శి వచ్చేసరికి బీరువా ఖాళీగా ఉంది. మైక్రోస్కోపుల నిండా ఆకు పసరు, వేలిముద్రలు.

"ఏందమ్మా, ఇంత గలీజు చేసి పెట్టినారు? తలుపెందుకు పీకినారు?" అన్నాడు కార్యదర్శి.

"తాళం మాత్రం ముట్టలేదు సార్. భద్రంగుంది, చూస్కోండి."

నాకు నవ్వాగలేదు. వాళ్లు మొహాలు మాడ్చుకుని వెళ్లిపోయారు. సంరక్షణ సరిగా లేదని మరుసటి ఏడు ఆమె అడిగిన గ్రాంటు తోసిపుచ్చారు. వస్తువు కొత్తగా మిగిలితే చదువు జరిగినట్టేనని నమ్మే ఘనులతో ఆమె వాదన పెట్టుకోలేదు. ఉన్నవాటితోనే చివరిదాకా పాఠం నడిపారు. అలాంటి మనిషి పక్క గదిలో పనిచేసినందుకు నాకు గర్వంగా ఉంది.

మొన్న ఆ ఫౌండేషన్ వాళ్లే మా బడి ఆవరణలో సంతాప సభ పెట్టారు. కార్యదర్శి ఆమెను లెక్కల టీచరన్నాడు. మైక్రోస్కోపులను తళతళా తుడిపించి ఆమె ఫోటో ముందు వరుసగా పేర్పించాడు. "ఇవి ఇకనుంచి మేడమ్ గుర్తులు. కొత్త బీరువా చేయించి పెడతాం. ఎవరూ ముట్టుకోరాదు," అని ప్రకటించాడు. నాకు ఒళ్లు మండి లేవబోయాను.

ఈలోగా పిల్లలు పూలు పెట్టడానికి వరుసలో కదిలారు. ముందున్న అమ్మాయి తన బంతిపువ్వును ఫోటో దగ్గర పెట్టలేదు. రెక్క ఒకటి తుంచి లెన్సు కింద పెట్టి, అడుగున ఉన్న అద్దాన్ని వెలుతురుకు తిప్పి, కన్ను ఆనించి వంగింది.

"పాపా, ముట్టొద్దు!" అని కార్యదర్శి మైకులో అరిచాడు.

ఆ అమ్మాయి తల ఎత్తలేదు. వెనకున్నవాళ్లు చేతుల్లో పూలు పట్టుకుని, "జరుగే, నన్నూ చూడనీ," అని ఒకరినొకరు తోసుకుంటున్నారు.