పిన్ని మూడుసార్లు అడిగింది

చేతిలో స్కూటరు, ఎదురుగా గిన్నెడు పనసపొట్టు కూర ఉండగా ఓ అక్కాతమ్ముళ్ల కలయికను ఎలా చెడగొట్టవచ్చో ఒకప్పుడు నేను చేసి చూపించాను. వినండి. నవ్వడానికి అనుమతి ఉంది.

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మాకో ఆచారం. గడప దాటుతున్న మనిషిని పని అడగకూడదు. అడిగితే డ్యూటీలో ఏదో అడ్డం వస్తుందని భయం. అందుకే అడిగేవాళ్లు ఎండావానల గురించి మాట్లాడతారు, వినేవాళ్లు పని చేసిపెడతారు. ఇరవై మూడేళ్ల నాకు ఇది మూఢనమ్మకాలన్నిటికీ పెద్దక్కలా కనిపించింది. "అడగందే అమ్మయినా పెట్టదు" అన్న సామెతను జెండాలా పట్టుకుని, నోరు తెరిచి అడగని పని చేయనని శపథం పట్టాను.

ఆ ఆదివారం పొద్దున్న మూఢాచారాల మీద ప్రసంగించడానికి బయలుదేరుతున్నాను. పక్క క్వార్టరు పైడమ్మ పిన్ని మంచి చీర కట్టుకుని, మూతకు గుడ్డ బిగించిన గిన్నెతో గేటు దగ్గర నిలబడింది.

"ఆటోలు బంద్ అంట కదా బాబూ."

"అవును పిన్నీ. వాళ్ల డిమాండ్లు న్యాయమైనవే." రెండు డిమాండ్లు వివరించాను కూడా.

"అచ్ఛా. మా తమ్ముడు పదిన్నర బండిలో ఇటుమీదుగా ఢిల్లీ ఎల్తన్నాడు. వాణ్ని చూసి మూడేళ్లయింది. బండి పది నిమిషాలే ఆగుతాదట."

"పది నిమిషాలంటే తక్కువేం కాదు పిన్నీ."

ఆవిడ స్కూటరు వెనక సీటు వైపు చూసింది. "ఇది ఇద్దర్ని లాగుతాదేటి?"

"ముగ్గుర్ని లాగుతుంది," అని గర్వంగా చెప్పి, మరిచిపోయిన ప్రసంగం కాగితాల కోసం లోపలికి వెళ్లాను. పావుగంట వెతికి బయటికొస్తే పిన్ని లేదు, అమ్మ ఉంది.

"పైడమ్మని దింపలేదేటిరా? నడిచి పోతంది."

"దింపమని ఎక్కడ అడిగింది?"

"మూడుసార్లు అడిగింది. వీధంతా విన్నాది. నువ్వొక్కడివే చదువుకున్నావు."

దారిలో పిన్నిని ఎక్కించుకుని ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తేసరికి బండి కదిలిపోయింది. దూరాన ఓ బోగీ తలుపులోంచి ఒక చెయ్యి ఊగింది, అంతే.

"వాడి చెయ్యే బాబూ," అంది పిన్ని గిన్నెను పొట్టకు ఆనించుకుని. "చూశాను కదా, చాలు."

నన్ను తిట్టలేదు. తిడితే వాదించి గెలిచేవాణ్ని.

ఆచారంలోని భయం అబద్ధమే. ఇప్పటికీ అదే అంటాను. కానీ పిన్ని మాటల్లో భయం ఒక్కటే లేదు. నాకు కుదరకపోతే సిగ్గుపడకుండా తప్పుకోవడానికి ఓ తలుపు కూడా తీసిపెట్టింది. ఆ తలుపు ఉందని కూడా తెలియకుండానే అందులోంచి దర్జాగా నడిచిపోయిన తర్కవేత్తను నేను.

మధ్యాహ్నం అమ్మ నాకు ఉత్త చారన్నం పెట్టింది. గోడవతల పిన్ని గిన్నె మూత తీసింది.

"పిన్నీ, ఆవ వాసన మా వరండా దాకా వస్తోంది," అన్నాను నోరూరుతుంటే.

"వస్తాది బాబూ. కొత్త ఆవాలు," అంది పిన్ని, తలుపు వేసుకుంది.

ఆ చారన్నం సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక నా గేటు దగ్గర ఎవరు ఎండ మాటెత్తినా ముందు స్కూటరు తాళం తీస్తాను. వాళ్లు నిజంగా ఎండ గురించే మాట్లాడుతున్నా సరే, స్టేషన్‌లో దింపిగానీ వదలను.