అత్తయ్య పాడిన ‘ఆ’

మా నాన్న శ్మశానం పక్కనున్న కొబ్బరితోటకు ఏళ్ల తరబడి కాపలా పడుకున్నారు. ఆయనకు ఏ దెయ్యమూ కనబడలేదు. ఆయనకే కనబడనిది నాకెక్కడ కనబడుతుందిలే అనుకుంటూ పెరిగాను. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మాది అమలాపురం. పెళ్ళిళ్ళకీ భజనలకీ కీబోర్డు వాయిస్తాను. కీబోర్డుతో పాటు వచ్చే శబ్దాలు అందరి దగ్గరా ఉంటాయి. అందుకని నా సొంతానికి కొన్ని రికార్డు చేసి అందులో ఎక్కించుకుంటాను. వాటినే మేం శాంపిల్స్ అంటాం.

మా మేనత్త సత్యవతి గారు ముక్తేశ్వరంలో ఉంటారు. జాకెట్లు కుడతారు. భజన బృందంలో ముందు గొంతు ఆవిడదే. మామయ్య మస్కట్‌లో డ్రైవరు. ఓ మధ్యాహ్నం ఆవిడ కుట్టుమిషను పక్కన మైకు పెట్టి, ఒక్క ‘ఆ’ పట్టమన్నాను, ఊపిరి ఉన్నంతసేపూ.

“ఒక్క అక్షరం కోసం అమలాపురం నుంచి వచ్చేవా?” అని నవ్వి పాడారు.

ఇంటికొచ్చి దాన్ని కంప్యూటర్‌లో సరిచేశాను. ఊపిరి పీల్చుకున్న చప్పుడు అయ్యాక స్టార్ట్ పాయింట్ పెట్టాను. చివర్లో గొంతు వణకడం మొదలయ్యే చోట ఎండ్ పాయింట్ పెట్టాను. మధ్యలో నిలకడగా ఉన్న చిన్న ముక్కను లూప్ చేశాను. అంటే, కీ నొక్కి ఉంచినంతసేపూ ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ తిరుగుతూ గొంతు సాగుతూనే ఉంటుంది. వేలు తీస్తే ఆగుతుంది. మనిషికైతే మధ్యలో ఊపిరి కావాలి. దానికి అక్కర్లేదు.

కొద్ది రోజులకు కొత్తపేటలో ఓ పెళ్ళి. పగటి ముహూర్తం. తలంబ్రాలు అయ్యాక మా గాయకుడు నిదానంగా ఓ కీర్తన ఎత్తుకున్నాడు. వెనక శ్రుతిలాగా అత్తయ్య ‘ఆ’ వాడాను, కీబోర్డు మీద దాన్ని నొక్కడం అదే మొదటిసారి. అతనిది మగ గొంతు కాబట్టి అత్తయ్య పాడినదానికంటే బాగా కింది కీ నొక్కాల్సి వచ్చింది. కుడిచేత్తో వేరే వాయిస్తూ, ఎడమచేతి చిటికెనవేలు ఆ కీ మీదే ఉంచాను. కీర్తన అయ్యేదాకా తీయలేదు.

బాగా కుదిరింది. పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరు వేదిక దగ్గరికొచ్చి, “వెనకాల పాడిన ఆవిడ ఎక్కడండీ, కనబడట్లేదు?” అని అడిగారు.

భోజనాల దగ్గర ఫోన్ తీసి చూస్తే ముక్తేశ్వరం నుంచి వరసగా కాల్స్. అత్తయ్య పక్కింటి సూర్యకాంతం గారు. తిరిగి చేస్తే, అత్తయ్యను అమలాపురం ఆసుపత్రికి తీసుకొచ్చామన్నారు.

నేను వెళ్ళేసరికి అత్తయ్య మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పారు. సూర్యకాంతం గారు నన్ను వరండాలోకి పిలిచారు.

“భజన పాట సాధన చేస్తన్నారు కామోసనుకున్నానండీ. ఎంతకీ ఆపరే! ఊపిరి తీసుకోటానికైనా ఆగాలి కదండీ. అనుమానం వచ్చి వెళ్ళేను. మిషను దగ్గర కూర్చుని, నోరు తెరుచుకుని, మొహం నల్లబడిపోయి, ఒకటే ‘ఆ’ అండీ. భుజం పట్టుకుని కుదిపినా ఆగలేదు. కాసేపటికి దానంతటదే ఆగింది.”

లోపలికెళ్ళి అత్తయ్యను అడిగాను.

“మీ మామయ్యకి వాయిస్ మెసేజ్ పెడతన్నానురా. మాట మధ్యలో నోరు అలా ఉండిపోయింది. మూద్దామంటే మూతపడదు, పీలుద్దామంటే గాలి రాదు. పోతాననుకున్నాను. ఎవరో నొక్కిపట్టి, వదిలేసినట్టయింది.”

ఆ రోజు పెళ్ళిలో నేనేం వాడానో ఆవిడకు తెలియదు. నేనూ చెప్పలేదు. కాకతాళీయం అనుకున్నాను.

వారం తిరక్కుండా మామయ్య మస్కట్ నుంచి ఫోన్ చేశారు. అత్తయ్య చేతిలోంచి ఫోన్ జారినప్పుడు ఆ మెసేజ్ ఆయనకు వెళ్ళిపోయిందట. “నువ్వు పాటలోడివి కదా, ఒకసారి విను. అది మీ అత్తయ్య గొంతేనా?” అని నాకు పంపారు.

మొదట అత్తయ్య మామూలుగానే మాట్లాడారు. కాయలు దింపించేనని చెప్పి, ‘మీరు పంపిన ఆ’ అంటూ ఆ ‘ఆ’ దగ్గరే నిలిచిపోయారు. ఇక అక్కణ్ణుంచి అంతా అదే. మధ్యలో సూర్యకాంతం గారి కేకలు వినబడుతున్నాయి.

దాన్ని కంప్యూటర్‌లో వేసి చూశాను. శ్రుతి, అత్తయ్య గొంతు ఎప్పుడూ దిగనంత కిందికి ఉంది. పెళ్ళిలో నేను నొక్కిన కీ శ్రుతే అది. ఒకే చిన్న ముక్క తిరిగి తిరిగి వస్తోంది. ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు దగ్గర సన్నగా ‘టిక్’ మంటోంది. నా శాంపిల్‌లోనూ లూప్ అతుకు దగ్గర ఆ చప్పుడుంది, ఎంత ప్రయత్నించినా పోలేదు. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే తేడా లేదు. పెళ్ళి వీడియోలో కీర్తన నడిచిన సమయమూ, ఈ మెసేజ్ వెళ్ళిన సమయమూ ఒకటే.

ఫోనే పాడై ఒక ముక్కను అలా తిప్పిందేమో అని కూడా ఆలోచించాను. కానీ సూర్యకాంతం గారు విన్నది ఫోన్‌లో కాదు.

కీబోర్డు తీసుకుని ముక్తేశ్వరం వెళ్ళి అత్తయ్యకు అంతా చెప్పాను. ఆవిడ జాకెట్టుకు హుక్సులు కుడుతూ విన్నారు. భయపడలేదు, నవ్వనూ లేదు.

“తుడిచెయ్యొచ్చు కదా?”

“తుడిచేస్తే ఏమవుతుందో తెలీదు కదండీ అత్తయ్యా.”

ఆవిడ ఇంకో హుక్కు కుట్టి దారం తెంపారు. “పోనీ, ఆ తిరగడం ఒకటీ తీసెయ్.”

ఆవిడ ఎదురుగానే లూప్ తీసేశాను.

“ఇప్పుడు నొక్కితే?”

“మొదలై, చివరిదాకా వెళ్ళి ఆగిపోతుందండి.”

“ఆగిపోయాకా?”

“అంతేనండి.”

సూది పక్కన పెట్టి నా వైపు చూశారు. “అయితే నొక్కకు” అన్నారు.

నాకు ఇందులో ఏమీ అర్థం కాలేదు. తెలిసిన సౌండ్ ఇంజనీరు ఒకాయనకు చెబితే, నువ్వే ఎక్కడో పొరబడ్డావన్నారు. పొరబడి ఉంటే సంతోషమే. తేల్చుకోవాలంటే ఒక్కసారి ఆ కీ నొక్కితే చాలు.

పెళ్ళిళ్ళకు ఇప్పుడు వేరే కీబోర్డు తీసుకెళ్తున్నాను. పాతదాన్ని పెట్టెలో పెట్టి అటక ఎక్కించాను. దాని కరెంటు వైరు మాత్రం అక్కడ ఉంచలేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు.