వెనక చాప మీది ఎస్తేరు

మా చిన్నప్పుడు ఆదివారం ఆరాధనలో కుర్చీలుండేవి కావు... అందరికీ చాపలే. పోర్ట్ బ్లెయిర్‌లో హాడో జెట్టీకి ఎగువనున్న రేకుల షెడ్డే మా మందిరం. పాటలయ్యాక ఒక్కొక్కరే లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పేవారు.

నాకప్పుడు పదకొండేళ్లు. కంఠత వాక్యాల పోటీలో మొదటి బహుమతి నాదే... పరిసయ్యుడు, సుంకరి కథను ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పాను. ఆ గొప్పతో ముందు చాప వదిలేదాన్ని కాదు.

క్రిస్మస్ మర్నాడే సునామీ వచ్చింది. మా క్వార్టర్స్ మెట్ల దాకా వచ్చిన నీళ్లు వెనక్కి పోయాయి. అలలు ఊడ్చేసిన దక్షిణపు దీవిలోని హట్‌బే నుంచి ఓడల్లో వచ్చినవాళ్లను మా పక్క స్కూల్లో ఉంచారు. తర్వాతి ఆదివారం వాళ్లలో కొందరు వచ్చి వెనక చాప మీద కూర్చున్నారు... ఎవరెవరివో బట్టలు వేసుకుని.

నేను లేచాను.

"మా ఇంట్లో రోజూ తెల్లారే ప్రార్థన చేస్తాం. అందుకే దేవుడు సముద్రాన్ని మా మెట్ల దగ్గరే ఆపేశాడు. స్తోత్రం!"

ఎవరూ ఆమెన్ అనలేదు.

వెనక నుంచి ఎనిమిదేళ్ల పిల్ల, ఎస్తేరు, అడిగింది... "దీదీ, నీళ్లొచ్చినప్పుడు మాయమ్మ కూడా మోకాళ్ల మీదే ఉంది. మరి మాయమ్మ ప్రార్థన దేవుడు ఎందుకు ఇన్లేదు?"

ఏడవలేదు. తెలుసుకోవాలనే అడిగింది. వాళ్ల నాన్న ఆ పిల్లను ఒళ్లోకి లాక్కున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ మండిపడింది. "బహుమతి ఇచ్చారని కొమ్ములు మొలిచాయేటే? ఎల్లి ఆ పిల్లని మాఫీ అడుగు."

"నేనేం తప్పన్నాను? స్తోత్రమేగా చెప్పాను!"

"దేవుడికి చెప్పావా, నీకు నువ్వే చెప్పుకున్నావా?"

రోజూ ఆ స్కూలు ముందునుంచే వెళ్లాను... లోపలికి పోలేదు. చిన్నపిల్ల ముందు తల వంచడమా అనుకున్నాను. శనివారానికి మనసు ఒప్పుకుంది. వెళ్తే తరగతి గది ఖాళీ. ఊడుస్తున్న ఆంటీ తలెత్తి, "హట్‌బే వాళ్లా? నిన్ననే షిప్పెక్కేశారు బేటీ" అంది.

ఎస్తేరు మళ్లీ కనబడలేదు...

ఇప్పుడు నేనే వాక్యం చెబుతున్నాను. గర్వం మాటొస్తే గొంతు ఉరుముతుంది. దేవాలయంలో నిలబడి, నేను ఇతరుల్లాంటివాణ్ణి కాను, నీకు స్తోత్రం అన్నాడే, ఆ పరిసయ్యుడు! అతడు ఎక్కడో లేడు సహోదరులారా... ఆ రోజు కొత్త గౌనుతో, రెండు జడలతో లేచి నిలబడింది అతడే! కథంతా నోటికొచ్చిన పిల్లకు, తానే ఆ కథలో ఉన్నానని తెలియలేదు.

ఎస్తేరు అడిగినదానికి ఇన్నేళ్లు వాక్యం చదివినా నాకు జవాబు దొరకలేదు. దొరికిందని చెబితే అదీ గర్వమే.

మా మందిరానికి ఇప్పుడు స్లాబు పడింది... చాపలు పోయి కుర్చీలొచ్చాయి. వాక్యం చెప్పడానికి లేచే ముందు ఒకసారి వెనక వరుస చూసుకుంటాను... అక్కడ కూర్చున్నవాళ్లు ఏం పోగొట్టుకుని వచ్చారో అని.

మీకూ చిన్నప్పుడు అడగకుండా మిగిలిపోయిన క్షమాపణ ఉంటే ఇక్కడ రాయండి... ఆ మనిషి ఇంకా నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే మాత్రం రాయకండి. ముందు వెళ్లండి.