నీలం కాయలకు పేపరు సంచులు

పాకాల దగ్గర మా తోటంతా తోతాపురి మామిడే. బావి పక్కన ఒక్క నీలం అంటును మాత్రం నేను పట్టుబట్టి నాటించినాను. మిగతా చెట్ల కోతలన్నీ అయిపోయి తోట బోసిపోయినాక, ఆషాఢంలో పండే కాయ అది. నాలుగో ఏడు విరగ్గాసింది. తీరా పండు కోస్తే లోపలంతా పురుగులు. వానలు మొదలైతే ఈగలు కాయను పొడిచి లోపల గుడ్లు పెడతాయంట.

"వానల్లో పండే కాయ మనకు దక్కదమ్మా. కొట్టేసి ఆడ తోతాపురి పెడదాం," అన్నాడు నాయన.

"ఇంకొక్క ఏడు చూడు నాయనా. అప్పుడూ ఇట్లే ఉంటే నేనే గొడ్డలి తెచ్చిస్తా," అన్నాను.

మరుసటి ఏడు కాయలు కోడిగుడ్డంత కాగానే పాత పేపర్లతో సంచులు అంటించినాను. బడిలో పాఠాలు చెప్పి ఇంటికి రాగానే నిచ్చెనెక్కి, ఒక్కో కాయకూ సంచి తొడిగి దారంతో కట్టేదాన్ని. దారిన పోయేవాళ్లు చూసి నవ్వినారు. ఒక సాయంత్రం గట్టి వాన పడి సగం సంచులు చినిగిపోయినాయి. నిచ్చెన కింద కూలబడి ఏడ్చినాను. తెల్లారి మళ్లీ కొత్తవి తొడగడం మొదలుపెట్టినాను. ఈసారి నాయన వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

ఆషాఢం చివర్లో మొదటి పండు కోసి ఆయన చేతికిచ్చినాను. కత్తితో రెండు చెక్కలు చేసి, పురుగు కోసం ఎండలో పెట్టి చాలాసేపు వెతికినాడు. ఏమీ కనపడలేదు. టెంక దాకా చీకి, చెయ్యి కడుక్కోకుండానే అడిగినాడు.

"ఇంగొకటి ఉండాదా?"